తోకచుక్క మంచు నీరు కాకుండానే ఆవిరి ఎలా అవుతుంది? దుమ్మును ఎవరు ఊదుతున్నారు?

కళింగపట్నం తీరం | ఆదివారం, ఉదయం 8:15

సభ్యులందరికీ నమస్కారం. 2024 సెప్టెంబరు చివరి రోజుల్లో, తెల్లవారుజామున ఐదు గంటల వేళ, మా ఊరి ఇసుకలో నిలబడి షుచిన్‌షాన్–అట్లాస్ తోకచుక్కను చూశాను. తూర్పున సముద్రానికి బెత్తెడు ఎత్తులో తల కిందికి, తోక పైకి ఉండి, ఎవరో సుద్దముక్కతో ఒక్కసారి గీసి వదిలేసినట్టు కనిపించింది. ఆ రోజు నుంచి ఒక సందేహం నన్ను వదలడం లేదు.

మాది చేపల వ్యాపారం. ఐసు దిమ్మలతోనే మా బతుకు. ఐసును ఎండలో పెడితే నీళ్ళు కారుతుంది, అంతే. దానిలోంచి దుమ్ము పైకి లేవడం ఈ ముప్పై ఏళ్ళలో నేను ఎన్నడూ చూడలేదు. తోకచుక్క కూడా మంచుగడ్డేనని, ఎండ తగిలితే దాని నుంచి వాయువూ ధూళీ బయటికి వస్తాయని చదివాను. అక్కడ నీళ్ళు ఎందుకు కారవు? గాలే లేని చోట దుమ్మును ఎవరు ఊదుతున్నారు? తెలిసినవారు ఓపికగా చెప్పగలరని కోరుతున్నాను.

విజయనగరం మాస్టారు | ఆదివారం, ఉదయం 10:40

మీరు అడిగిన రెండింటికీ జవాబు ఒకే చోట ఉంది, కాబట్టి కలిపే చెబుతాను.

నీరు ద్రవంగా నిలవాలంటే చల్లదనం, వేడిమి సరిపోతే చాలదు, పైనుంచి కొంత ఒత్తిడి కూడా ఉండాలి. ఆ ఒత్తిడి 611 పాస్కళ్ళ కంటే తగ్గితే నీరు ద్రవంగా ఉండలేదు. మంచుగానైనా ఉంటుంది, ఆవిరిగానైనా ఉంటుంది. మన తల మీద గాలి ఒత్తిడి లక్ష పాస్కళ్ళకు పైమాటే కనుక మీ ఐసు దిమ్మ నీరై కారుతుంది. తోకచుక్కకు వాతావరణం లేదు. అందువల్ల అక్కడి మంచు ఎండ తగిలినప్పుడు ద్రవమనే మెట్టును దాటేసి నేరుగా ఆవిరైపోతుంది. దీనినే ఉత్పతనం అంటాము. ట్రంకుపెట్టెలో పట్టుచీరల మధ్య వేసిన కలరా ఉండ తడి చేయకుండానే నెలనెలా చిన్నదైపోవడం మనందరి ఇళ్ళలో జరిగేదే కదా.

అన్ని మంచులూ ఒకే దూరంలో లేవవు. తోకచుక్కలో నీటి మంచుతో పాటు కార్బన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ వంటివి కూడా గడ్డకట్టి ఉంటాయి. నీటి మంచు జోరుగా ఆవిరి కావాలంటే తోకచుక్క భూమి–సూర్యుల దూరానికి మూడు రెట్ల లోపలికి రావాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు అంత వేడి అక్కరలేదు, అది సూర్యుడికి చాలా దూరంలోనే లేస్తుంది. 1995 జులైలో హేల్–బాప్ తోకచుక్కను కనుగొన్నప్పుడు అది బృహస్పతి కక్ష్యకు అవతల ఉంది, అయినా అప్పటికే దాని చుట్టూ పొగమంచు వంటి ఆవరణం కనిపించింది.

ఇక దుమ్మును ఊదేది ఆ ఆవిరే. శూన్యంలోకి విడుదలైన ఆవిరిని ఆపేది ఏదీ లేదు కనుక అది సెకనుకు సుమారు అర కిలోమీటరు వేగంతో, ఒక్కోసారి అంతకు మించి, బయటికి దూసుకుపోతుంది. పోతూ పోతూ మంచులో ఇరుక్కుని ఉన్న ధూళి రేణువులను తనతో ఈడ్చుకుపోతుంది. అక్కడ గాలి లేదన్న మాట నిజమే, కానీ ఎండ తగిలినంత సేపూ తోకచుక్క తన గాలిని తానే పుట్టించుకుంటుంది.

నాగావళి ఒడ్డు | ఆదివారం, సాయంత్రం 5:05

మాస్టారూ, చాలా చక్కగా చెప్పారు. కానీ నాకు ఒక అభ్యంతరం ఉంది. వ్యోమనౌకలు తీసిన చిత్రాల్లో తోకచుక్క బొగ్గు గుట్టలా నల్లగా ఉంటుంది. మంచు అయితే తెల్లగా మెరవాలి కదా? ఆ నల్లదనం చూస్తే అది రాయి అనిపిస్తుంది గానీ మంచు అనిపించదు.

బొబ్బిలి ఆకాశం | ఆదివారం, రాత్రి 9:30

మీ అభ్యంతరం సరైన చోటే తగిలింది. ఆ నల్లదనాన్ని అర్థం చేసుకోకుండా తోకచుక్క పనిచేసే తీరు అర్థం కాదని నా అభిప్రాయం.

1950లో ఫ్రెడ్ విపుల్ అనే శాస్త్రవేత్త తోకచుక్క కేంద్రకం, అంటే దాని తల నడుమ ఉండే గట్టి భాగం, మంచూ ధూళీ కలిసిన ముద్ద అని ప్రతిపాదించాడు. ఆయన దగ్గర చిత్రాలు లేవు, లెక్క ఉంది. ఎన్కే తోకచుక్క సుమారు మూడు సంవత్సరాల మూడు నెలలకు ఒకసారి సూర్యుణ్ణి చుట్టి వస్తుంది. అయితే 19వ శతాబ్దంలో అది ప్రతి చుట్టుకూ రెండున్నర గంటలు ముందుగా వస్తున్నట్టు తేలింది. గురుత్వాకర్షణ ఒక్కటే పనిచేస్తుంటే అలా జరగడానికి వీలు లేదు. మంచు ఒక పక్క నుంచి ఆవిరై చిమ్ముతుంటే, తారాజువ్వలో నిప్పు కిందికి చిమ్మితే జువ్వ పైకి పోయినట్టే, కేంద్రకం రెండో పక్కకు నెట్టబడుతుందని విపుల్ వివరించాడు.

1986 మార్చిలో జొట్టో వ్యోమనౌక హేలీ తోకచుక్కకు 600 కిలోమీటర్ల దాకా వెళ్ళి చూసినప్పుడు, సుమారు 15 కిలోమీటర్ల పొడవున్న ఆ కేంద్రకం తన మీద పడిన వెలుగులో నాలుగు శాతమే తిప్పి పంపుతోందని తెలిసింది. బొగ్గు కూడా ఇంచుమించు అంతే. అంటే తోకచుక్కలో మంచు ఉన్నా అది పైకి కనబడదు. ఉపరితలంలోని మంచు ఎప్పుడో ఎగిరిపోగా, దానితో లేవలేకపోయిన ధూళి, కర్బన పదార్థాలు పైన పేరుకుని ఎండిపోయి చెక్కు కట్టాయి. ఆ చెక్కు కిందే మంచు ఉంటుంది. రోసెట్టా నౌక 2014 వేసవిలో 67పి చుర్యుమోవ్–గెరాసిమెంకో తోకచుక్క ఉపరితలాన్ని కొలిచినప్పుడు సగటు వేడిమి మైనస్ 70 డిగ్రీలుగా తేలింది. ఉపరితలం అంతా మంచే అయి ఉంటే అది ఇంకో ఇరవై ముప్పై డిగ్రీలు చల్లగా ఉండవలసింది.

కళింగపట్నం తీరం | సోమవారం, ఉదయం 6:50

అయ్యా, మీరు చెక్కు అనగానే నాకు ఒక సంగతి తోచింది. మా దగ్గర ఐసు దిమ్మలను లారీ నుంచి దించగానే వాటి మీద ఊక గానీ రంపపు పొట్టు గానీ మందంగా కప్పి గోనెపట్టా వేస్తాము. ఊక జానెడు ఉంటే దిమ్మ సాయంత్రం దాకా ఆగుతుంది. బెత్తెడే ఉంటే మధ్యాహ్నానికే సగం పోతుంది. తోకచుక్క కూడా తన మంచు మీద తానే ఊక కప్పుకుంటోందన్న మాట. అలాగైతే కొంత కాలానికి ఆ ఊక బాగా మందమై, మంచు లేవడమే ఆగిపోవాలి కదా?

విజయనగరం మాస్టారు | సోమవారం, రాత్రి 8:20

మీ ఊక పోలిక నేను ఇరవై ఏళ్ళుగా తరగతిలో చెప్పిన పోలికలన్నింటి కంటే బాగుంది. ఇకమీదట పిల్లలకు అదే చెబుతాను.

ఆ ఊక ఎంత పని చేస్తోందో లెక్క వేసి చూద్దాము. భూమి ఉన్న దూరంలో, సూర్యుడికి ఎదురుగా నిలబెట్టిన ఒక చదరపు మీటరు మీద సెకనుకు 1,361 జౌళ్ళ శక్తి పడుతుంది. 67పి తోకచుక్క 2015 ఆగస్టు 13న పరిహేళికి, అంటే సూర్యుడికి అతి దగ్గరి బిందువుకు చేరినప్పుడు అది భూమి–సూర్యుల దూరానికి 1.24 రెట్లలో ఉంది. దూరం వర్గంతో భాగిస్తే అక్కడ చదరపు మీటరుకు సుమారు 885 జౌళ్ళు వస్తాయి. ఒక కిలో మంచును నేరుగా ఆవిరి చేయడానికి దాదాపు 28 లక్షల జౌళ్ళు కావాలి. ఎండ మొత్తం ఆ పనికే ఖర్చయిందని అనుకున్నా, చదరపు మీటరు నుంచి సెకనుకు లేచే ఆవిరి గ్రాములో మూడో వంతును దాటదు.

ఆ రోజుల్లో 67పి నుంచి సెకనుకు 300 కిలోల దాకా నీటి ఆవిరి వచ్చినట్టు కొలిచారు. మన లెక్క ప్రకారం దానికి ఎండకు ఎదురుగా ఒక చదరపు కిలోమీటరు వట్టి మంచు ఉంటే చాలు. కానీ సూర్యుడికి ఎదురుగా కనబడే ఆ తోకచుక్క వైశాల్యం తొమ్మిది పది చదరపు కిలోమీటర్లు ఉంటుంది. అంటే పదింట తొమ్మిది వంతుల ఎండ చెక్కును వేడి చేసి, తిరిగి అంతరిక్షంలోకి వెళ్ళిపోతోంది. హేలీ విషయంలోనూ ఉపరితలంలో పదో వంతు మాత్రమే చురుకుగా ఉన్నట్టు తేలింది. ఊక ఇంత గట్టిగా కాపాడుతున్నా ఆవిరి ఎందుకు ఆగడం లేదన్న మీ రెండో ప్రశ్నకు ఇంకెవరైనా జవాబు చెబితే వినాలని ఉంది.

ఆమదాలవలస రైతు | సోమవారం, రాత్రి 10:00

నేను సైన్సు చదివినవాణ్ణి కాను, ఆసక్తితో చదువుతుంటాను. మాస్టారు ఆవిరి దుమ్మును ఈడ్చుకుపోతుందన్నప్పుడు నాకు మా కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టడం గుర్తుకొచ్చింది. చేటతో ఎత్తి వదిలితే గింజ కాళ్ళ దగ్గరే రాలుతుంది, తాలు రెండు మూడు గజాల అవతల పడుతుంది, దుమ్ము కళ్ళం దాటి పక్కవాళ్ళ చేలోకి పోతుంది. గాలి ఒకటే అయినా బరువును బట్టి దూరం మారుతుంది. తోకచుక్క మీద కూడా పెద్ద పలుకులు కిందపడిపోతాయా?

బొబ్బిలి ఆకాశం | మంగళవారం, ఉదయం 7:15

పడిపోతాయి, రైతు గారూ. 67పి ఆకర్షణ ఎంత తక్కువంటే, రోసెట్టా తీసుకువెళ్ళి దాని మీద దించిన 100 కిలోల ఫిలే పరికరం అక్కడ మన లెక్కలో ఒకటి రెండు గ్రాముల బరువే తూగింది. సెకనుకు ఒక మీటరు వేగం ఉంటే చాలు, దేనినీ ఆ తోకచుక్క వెనక్కి లాగలేదు. సన్నని ధూళి ఆ వేగాన్ని సులభంగా దాటిపోతుంది. బరువైన గులకలకు ఆవిరి ఊపు చాలక, కాసేపు పైకి లేచి తిరిగి ఉపరితలం మీదే రాలుతాయి. 67పి దక్షిణార్ధంలో వేసవి కొద్ది నెలలే ఉంటుంది, కానీ అది పరిహేళి సమయంలోనే రావడం వల్ల ఎండ చాలా తీవ్రంగా ఉంటుంది. అక్కడ లేచిన పలుకుల్లో ఎన్నో ఉత్తరార్ధం మీద పడి, ఇసుక మేట వేసినట్టు నున్నటి మైదానాలు ఏర్పడ్డాయి. ఊక ఒక చోట ఎగిరి మరో చోట పేరుకుంటోందన్న మాట.

నాగావళి ఒడ్డు | మంగళవారం, ఉదయం 9:00

అలా ఎగిరిపోయిన సన్న ధూళే, బండి వెనక లేచిన దుమ్ములాగా తోకచుక్క దారి వెంట తోకగా మిగులుతుందని అర్థం చేసుకుంటున్నాను. సరేనా?

బొబ్బిలి ఆకాశం | మంగళవారం, ఉదయం 9:40

ఇక్కడ ఒక చిన్న దిద్దుబాటు అవసరం. తోక తోకచుక్క వెళ్ళిన దారిని చూపదు, సూర్యుడికి ఎదురు దిక్కును చూపుతుంది. కళింగపట్నం వారు చూసిన తోక పైకి నిలబడి ఉండటానికి కారణం, సూర్యుడు ఇంకా సముద్రం కింద ఉండటమే. సన్న ధూళిని సూర్యకాంతి ఒత్తిడి నెమ్మదిగా నెడుతుంది, అందువల్ల ధూళి తోక కొంచెం వంగి పసుపు ఛాయలో ఉంటుంది. వాయువులోని కొంత భాగం అతినీలలోహిత కిరణాల వల్ల విద్యుదావేశం పొందగా, సౌర పవనం, అంటే సూర్యుడి నుంచి ఎడతెగక వచ్చే విద్యుదావేశ కణాల ప్రవాహం, దానిని తిన్నగా ఈడ్చుకుపోతుంది. అది నీలి రంగు తోక. సూర్యుణ్ణి దాటి దూరమయ్యేటప్పుడు తోకచుక్క తన తోకను ముందు పెట్టుకుని నడుస్తుంది. మీరన్నట్టు దారి వెంట మిగిలేవి బరువైన పలుకులు. హేలీ వదిలిన అటువంటి పలుకులే మే నెల మొదట్లోనూ, అక్టోబరులోనూ మనకు ఉల్కలుగా కనిపిస్తాయి.

చీపురుపల్లి విద్యార్థిని | మంగళవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాస్టారు గారి లెక్క చూశాక నాకు తోచిన లెక్క రాస్తున్నాను, తప్పుంటే దిద్దండి.

మంచు వేడిమి 200 కెల్విన్లు, అంటే సుమారు మైనస్ 73 డిగ్రీలు ఉన్నప్పుడు దాని ఆవిరి పీడనం 0.16 పాస్కల్ మాత్రమే. దాని మీద ఒక సెంటీమీటరు మందం ధూళి ఉందనుకున్నాను. 67పి సాంద్రత ఘనపు మీటరుకు 530 కిలోల చిల్లర కాబట్టి చదరపు మీటరుకు సుమారు ఐదు కిలోల ధూళి అవుతుంది. కానీ అక్కడి గురుత్వం మన దానిలో అరవై వేలో వంతు ఉంటుందనుకుంటే ఆ పొర కిందికి నొక్కే ఒత్తిడి ఒక పాస్కల్‌లో వెయ్యో వంతుకు కూడా చేరదు. ఆవిరి దానికి రెండు వందల రెట్ల బలంతో పైకి నెడుతోంది. అంటే చెక్కు అసలు నిలవకూడదు, ఏర్పడగానే ఎగిరిపోవాలి. మరి అది ఎలా నిలుస్తోంది?

విజయనగరం మాస్టారు | బుధవారం, ఉదయం 6:30

లెక్క తప్పు కాదమ్మా, చాలా బాగా వేశావు. నువ్వు లెక్కలోకి తీసుకోనిది ఒక్కటే ఉంది, రేణువులు ఒకదానినొకటి పట్టుకునే సంసంజన బలం. గోధుమపిండి డబ్బాను బోర్లించినా అడుగున కొంత పిండి అంటుకునే ఉంటుంది, ఇసుక డబ్బా అయితే మొత్తం రాలిపోతుంది. రేణువు ఎంత సన్ననైతే అంటుకునే గుణం అంత ఎక్కువ. మైక్రోమీటరు పరిమాణపు ధూళితో చేసిన పొరను విడదీయడానికి ప్రయోగశాలల్లో వందల నుంచి వేల పాస్కళ్ళ బలం కావలసి వచ్చింది. నీ 0.16 పాస్కల్ దాని ముందు ఏ మూలకూ రాదు.

కాబట్టి ప్రశ్న ఇప్పుడు తిరగబడింది. చెక్కు ఎలా నిలుస్తోందని నువ్వు అడిగావు; శాస్త్రవేత్తలను తొలిచేది ఆ చెక్కు ఎలా లేస్తోందన్న ప్రశ్న. దానికి వినబడుతున్న ఒక బలమైన సమాధానం ఇది: తోకచుక్కలోని ధూళి ఒకే ముద్దగా లేదు, మిల్లీమీటరు నుంచి సెంటీమీటరు దాకా ఉండే చిన్న చిన్న గులకలుగా కట్టి ఉంది. గులక లోపల రేణువులు గట్టిగా పట్టుకుని ఉంటాయి గానీ గులకకూ గులకకూ మధ్య తాకే చోట్లు కొద్దిగానే ఉంటాయి. అక్కడ బంధం ఒక పాస్కల్ లోపే తెగిపోగలదు. పిండి ముద్దగా ఉన్నప్పుడు ఊదితే లేవదు, బొరుగుల్లా విడివిడిగా ఉంటే లేస్తుంది. ఆ బలహీనమైన చోట కింద ఆవిరి కొంచెం పోగైతే చాలు, గులక ఊడి వస్తుంది. కార్బన్ డయాక్సైడ్ అయితే అదే చల్లదనంలో ఎంతో ఎక్కువ ఒత్తిడి ఇస్తుంది. 2010 నవంబరులో హార్ట్‌లీ 2 తోకచుక్క పక్కగా వెళ్ళిన నౌక, కార్బన్ డయాక్సైడ్ చిమ్ముతూ నీటి మంచు తునకలనే పైకి మోసుకురావడాన్ని చూసింది.

బొబ్బిలి ఆకాశం | బుధవారం, రాత్రి 8:45

మాస్టారి మాటకు ఇంకో సంగతి చేర్చాలి. చెక్కును ఆవిరి ఒక్కటే తొలగించనక్కరలేదు, కొండచరియలు కూడా ఆ పని చేస్తాయి.

67పి మీద ఆస్వాన్ అని పేరు పెట్టిన ఒక నిట్రమైన గట్టు ఉంది. 2014లో తీసిన చిత్రాల్లో దాని అంచున 70 మీటర్ల పొడవైన పగులు కనిపించింది. 2015 జులై 10న ఆ వైపు నుంచి ధూళి ఒక్కసారిగా ఎగజిమ్మింది. కొద్ది రోజుల తరవాత చూస్తే పగులు ఉన్న చోట అంచు విరిగిపడి, లోపలి మంచు తెల్లగా మెరుస్తూ బయటపడి ఉంది. ఏడాది తిరిగేసరికి ఆ తెలుపు చాలా వరకు మాసిపోయింది, అంటే మంచు ఎగిరిపోయి మళ్ళీ ఊక మిగిలింది. నిట్రపు గోడ మీద ఊక నిలవదు, జారిపోతుంది. అందుకే గోడలు, గుంటల అంచులు చురుకుగా ఉంటాయి.

చిత్రాల్లో కనిపించే ధూళి చిమ్ములన్నీ నేలలోని రంధ్రాల నుంచే వస్తాయనే అభిప్రాయం చాలామందిలో ఉంది. నేను దానితో ఏకీభవించను. ఎగుడుదిగుడు నేల నుంచి వాయువు లేచినప్పుడు లోయల మీద పాయలు కలిసి దట్టమైన చారలుగా కనబడతాయి. చార కనబడినంత మాత్రాన దాని అడుగున బిలం ఉందని అనుకోకూడదు.

ఉత్తరార్ధానికీ దక్షిణార్ధానికీ తేడా ఉన్నట్టే రాత్రికీ పగటికీ కూడా ఉంది. 67పి రెండు ముద్దలు అతికినట్టు ఉంటుంది; ఆ రెండింటి మధ్య మెడ వంటి భాగంలో రాత్రి లోపలి నుంచి వచ్చిన ఆవిరి చల్లబడిన ఉపరితలం కింద పేరుకుని నూగుమంచుగా మారుతుంది, పొద్దు పొడవగానే ఎగిరిపోతుంది. పన్నెండు గంటల చిల్లరకు ఒకసారి ఇదే జరుగుతుంది. పుష్యమాసంలో మన అరకు దారిలో గడ్డి మీద కనబడి ఎండ రాగానే పోయే మంచును చూసినవారికి ఇది వెంటనే పట్టుబడుతుంది.

విజయనగరం మాస్టారు | గురువారం, రాత్రి 7:55

ఈ వారం బడిలో చేసిన ఒక ప్రయోగాన్ని రాస్తాను. విశాఖపట్నం నుంచి థర్మోకోల్ పెట్టెలో మూడు కిలోల డ్రై ఐస్ తెప్పించాను. అది గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. అది ద్రవం కావాలంటే మన వాతావరణ పీడనానికి ఐదు రెట్ల పైన ఒత్తిడి కావాలి కనుక బడి బల్ల మీద కూడా నేరుగా ఆవిరే అవుతుంది. నీటి మంచు తోకచుక్క మీద చేసే పనిని డ్రై ఐస్ మన ముందు చేసి చూపుతుంది.

గోనెసంచిలో వేసి సుత్తితో పొడి చేసి, ఎర్రమట్టి, బొగ్గుపొడి, నీళ్ళు కలిపి, తోలు చేతి తొడుగులతో కొబ్బరికాయంత ముద్ద చేశాము. మొదటి ముద్దకు మట్టిని మెత్తగా జల్లించి కలిపాను. అది రాయిలా బిగుసుకుపోయి, ఎండలో పెట్టినా గంట దాకా పెద్దగా ఏమీ చిమ్మలేదు. తరవాత ఒక పక్క పెచ్చు టప్పున ఊడి రెండడుగుల దూరంలో పడింది. రెండో ముద్దకు జల్లించని గరుకు మట్టి వాడాను. దాని మీద గుండుసూది మొనంత రంధ్రాలు ఏర్పడి, సన్నగా బుసకొడుతూ తెల్లటి ధారలు వచ్చాయి. చెంపను కొంచెం దూరంగా పెడితే చల్లటి గాలీ, అందులో మట్టి నలుసులూ తగిలాయి. పిండికీ ఇసుకకూ నేను చెప్పిన తేడా పిల్లలకు వేరే వివరించవలసిన పని లేకపోయింది. ఎవరైనా చేయదలిస్తే గాలి ఆడే చోట చేయండి, డ్రై ఐస్‌ను మూత బిగించిన సీసాలో ఎన్నడూ పెట్టకండి, సీసా పేలుతుంది.

ఆమదాలవలస రైతు | గురువారం, రాత్రి 9:20

ఇలా ప్రతిసారీ పోతుంటే ఆ తోకచుక్క ఎన్నాళ్ళు మిగులుతుంది మాస్టారూ?

బొబ్బిలి ఆకాశం | గురువారం, రాత్రి 10:10

మాస్టారి బదులు నేను చెబుతాను. రోసెట్టా ఉన్న రెండేళ్ళలో 67పి సుమారు వెయ్యి కోట్ల కిలోలు కోల్పోయింది. మొత్తం బరువులో అది వెయ్యో వంతు. ఉపరితలం అంతటా సమానంగా పరిచి చూస్తే అర మీటరుకు కొంచెం తక్కువ మందం అవుతుంది, కానీ అది ఎక్కడా సమానంగా పోదు. ఆ చిమ్ముల తోపుడుకు తోకచుక్క తన చుట్టూ తాను తిరిగే కాలం కూడా సుమారు ఇరవై నిమిషాలు తగ్గింది. ఎన్కే విషయంలో విపుల్ కాగితం మీద చూసిన తోపుడే ఇది.

కళింగపట్నం తీరం | శనివారం, సాయంత్రం 6:30

అందరికీ కృతజ్ఞతలు. ఇవాళ పొద్దున నేను కూడా ఒకటి చేసి చూశాను. ఒక దిమ్మ మీద ఊక జానెడు మందంగా కప్పి, నడిమిన అరచేతంత చోట మాత్రం ఊక తీసేసి ఎండలో ఉంచాను. మాది కరిగే ఐసే, ఎగిరేది కాదు, ఆ సంగతి తెలిసే చేశాను. పది గంటలకు ఆ చోట గుంట పడింది. పదకొండున్నరకు గుంట అంచులు నిట్రంగా దిగి గోడల్లా నిలిచాయి. ఊక ఆ గోడల మీద నిలవక జారుతుంటే కొత్త ఐసు తెల్లగా బయటపడుతూ వచ్చింది. ఒంటి గంట ప్రాంతంలో ఒక పక్క అంచు ఊకతో సహా గుంటలోకి కూలింది. కూలిన చోట గోడ మెరిసిపోతుంటే, అడుగున పడిన ఊక తడిసి నల్లగా పరుచుకుని ఉంది, దాని కింద ఐసు కరగడం మాత్రం నెమ్మదించింది. నాలుగు గంటలకు చూస్తే గుంట లోతు పెరగడం ఆగి, వెడల్పు మాత్రం జానెడు పెరిగింది.